జపాన్ అబ్బాయి కోసం ప్రార్థన

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు జపాన్‌లో, కొరియాలో జరిగిన ఏడాది నేను బందరులో ఇంటర్ చదువుతున్నాను. కోనేరు సెంటర్లో పోస్టర్లమ్మే బండి మీద బ్రెజిల్ ఆటగాడు పొద్దున వస్తే సాయంత్రానికి అయిపోయేవాడు. ఇంగ్లండ్ అందగాడి కోసం మా క్లాసు ఆడపిల్లలు కొట్టుకునేవారు. జుట్టుకు పసుపురంగు వేసుకున్న జపాన్ ఆటగాడు మాత్రం అడుగున చుట్టచుట్టుకుని పడి ఉండేవాడు.

"ఇతన్ని ఎవరూ అడగట్లేదమ్మా, ఊరికే తీసుకుపో" అన్నాడు బండాయన. నాకు ఒళ్లు మండింది. పూర్తి ధర ఇచ్చి మరీ తెచ్చుకున్నాను.

నిజం చెప్పాలంటే అతనంటే నాకు పిచ్చి ప్రేమ. ఆ మాట తెలిస్తే అమ్మ చేతిలో నా వీపు విమానం మోత మోగేది. అందుకని పోస్టర్ని బీరువా తలుపుకి లోపలివైపు అంటించి, బట్టలు తీసే వంకతో చూసుకునేదాన్ని.

ఆటలు మొదలవబోతుండగా అతని కాలికి దెబ్బ తగిలిందని పేపర్లో పడింది. నాకు అన్నం సయించలేదు. ఆ శుక్రవారం మా ఇంట్లో ఆడవాళ్ల ప్రార్థన కూటం. "ప్రార్థన అవసరతలేమైనా ఉంటే చెప్పండమ్మా" అన్నారు పాస్టరమ్మగారు, ఎప్పట్లాగే. ఒకావిడ మోకాళ్ల నొప్పులు చెప్పింది, ఇంకొకావిడ కొడుకు ఉద్యోగం గురించి చెప్పింది. నా నోరు ఊరుకోలేదు.

"ఒకబ్బాయి కాలికి దెబ్బ తగిలిందండీ. త్వరగా తగ్గకపోతే ఆడనివ్వరంట."

"ఎవరబ్బాయమ్మా?"

"దూరంగా ఉంటాడండీ. జపాన్‌లో."

అమ్మ నా వైపు ఒక చూపు చూసింది. పాస్టరమ్మగారు మాత్రం వెంటనే కళ్లు మూసుకున్నారు. పరాయి దేశంలో కష్టపడుతున్న మన పిల్లాడనుకున్నారు పాపం. గుడివాడ పిన్ని ఈ సంగతి ఫోన్లో విని వాళ్ల కూటంలో చెప్పింది. అక్కణ్ణుంచి అవనిగడ్డ దాకా పాకింది.

కాలు బాగయింది. ఆట రోజు ఆడవాళ్లంతా మా టీవీ ముందు చేరారు. నేను వేలు పెట్టి చూపించిన పసుపు జుట్టును చూసి అందరూ నా వైపు తిరిగారు.

"ఇదేంటి, మనవాడు కాదా?" అంది మోకాళ్ల నొప్పులావిడ.

"ఇంత ప్రార్థించాక మనవాడు కాకుండా ఎక్కడికి పోతాడు?" అని తేల్చేశారు పాస్టరమ్మగారు.

అతను గోల్ కొట్టగానే స్తోత్రాలతో ఇల్లు దద్దరిల్లింది. వీధిలోని బ్రెజిల్ అభిమానులు కిటికీలోంచి తొంగిచూశారు. బందరు నుంచి దివిసీమ దాకా ఇంతమంది అమ్మలున్న ఆటగాడు ఇంకొకడు లేడని నాకు ఒకటే గర్వం.

మరుసటి శుక్రవారం ఆ గర్వం కాస్తా దిగిపోయింది. "కాలు బాగుచేశావు, పేరు ఇచ్చావు తండ్రీ" అని మొదలుపెట్టారు పాస్టరమ్మగారు. "వయసొచ్చిన బిడ్డ. వాళ్ల దేశంలోనే తగిన పిల్లను చూపించి, త్వరగా ఒక ఇంటివాణ్ణి చెయ్యి ప్రభువా."

అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు. అమ్మ కళ్లు మూసుకునే నా తొడ గిల్లింది.

"ఆమెన్" అనేసి భోరున ఏడ్చాను.

పాస్టరమ్మగారు నా తల నిమిరి, "చూశారా, ఆ అబ్బాయి పెళ్లి కోసం ఈ పిల్ల ఎంత భారంగా ప్రార్థిస్తోందో!" అని అందరికీ చూపించారు.