ఆడవాళ్ల గేటు దగ్గర మా అత్తయ్య

పోయిన నెలలో మా మనవరాలు మెడలో కెమెరా వేలాడేసుకుని వచ్చి, మన వైపు పాత సినిమా హాళ్లు ఒక్కొక్కటీ కూల్చేస్తున్నారు, పోకముందే ఫొటోలు తీసిపెట్టుకుంటాను, దారి చూపించడానికి నువ్వూ రా అమ్మమ్మా అంటే, మోకాళ్ల నొప్పుల సంగతి మరిచిపోయి కారెక్కాను. బందరులో ఉప్పుగాలికి పెచ్చులూడిన గోడలనూ, చెయ్యి మాత్రమే పట్టే టిక్కెట్ల కిటికీనీ వంగి వంగి ఫొటోలు తీసింది. అక్కణ్ణించి దివిసీమ వెళ్లాం. కోడూరు పక్కన ఒకప్పుడు డేరా వేసి సినిమాలు ఆడించిన చోట ఇప్పుడు రొయ్యల చెరువుంది. ఇక్కడే జనం ఇసుకలో కూర్చుని చూసేవారట అని చెబితే, ఆ పిల్ల ఆ చెరువును కూడా ఎంతో శ్రద్ధగా ఫొటో తీసుకుంది. చివరికి గుడివాడ వచ్చాం. అక్కడి హాలు ధాన్యం గోడౌను అయిపోయింది గానీ, పక్కసందులోని తలుపు మీద ‘స్త్రీలకు’ అన్న అక్షరాలు సున్నం కింద నుంచి ఇంకా కనిపిస్తున్నాయి. ఆ తలుపు పక్కన నిలబడు, ఫొటో తీస్తానంది. నిలబడలేక పక్కకు వచ్చేశాను. మోకాళ్ల నొప్పి అనుకుంది పాపం.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో హాల్లో ఆడవాళ్లకు వేరే గేటు, వేరే బెంచీలు, మగవాళ్లకూ వాళ్లకూ నడుమ మొలెత్తు గోడ, గోడ మీద తీగకు వేలాడే పరదా ఉండేవి. దీపాలు ఆర్పగానే పరదా పక్కకు లాగేసేవారు, ఇంటర్వెల్లో దీపాలు వెలిగే ముందు మళ్లీ మూసేవారు. చీకట్లో ఎవరికెవరూ కనపడరు గదా అని ఆ ఏర్పాటు. ఆ గేటు దగ్గర టిక్కెట్లు చింపడానికి తప్పనిసరిగా ఒక ఆడమనిషి ఉండాలి. గుడివాడలో ఆ ఉద్యోగం మా అత్తయ్య చేసేది, అంటే మా నాన్నగారి సొంత అక్క.

ఇందులో వింతేముంది అంటారేమో, మా నాన్నగారు మిషను బడిలో ఉపాధ్యాయులు, పైగా సంఘపెద్ద. మా సంఘంలో సినిమా పాపం. సినిమా చూశారని తేలితే ప్రభువు బల్ల ఇచ్చేవారు కాదు. నెలకొక ఆదివారం గుళ్లో రొట్టె విరిచి, ద్రాక్షరసంతో పాటు అందరికీ పంచే సంస్కారాన్ని మేం బల్ల అంటాం. బల్ల ఆపేశారంటే మా వాళ్లకు దాదాపు వెలివేసినట్టే. భర్త జ్వరంతో పోతే కొడుకును వెంటబెట్టుకుని కోడూరు నుంచి మా ఇంటికి చేరిన అత్తయ్య, తమ్ముడి చేతికిందే ఎన్నాళ్లని ఉండాలని ఆ పని వెతుక్కుంది. పెద్దలు రెండు రోజులు తర్జనభర్జన పడి ఒక ఒడంబడికకు వచ్చారు. ఒళ్లు వంచి పనిచేసుకోవడం పాపం కాదు, బొమ్మ చూడడం పాపం. కాబట్టి ఆమె టిక్కెట్లు చింపవచ్చు గానీ తెర వైపు చూడకూడదు. ఆ మాటలు కూర్చింది మా నాన్నగారే.

అత్తయ్య ఆ ఒడంబడికను అక్షరాలా పాటించింది. ఆటంత సేపూ తెరకు వీపు పెట్టి, బెంచీల మీది ఆడవాళ్ల మొహాలు చూస్తూ నిలబడేది. పిల్లలు ఎక్కడ ఏడుస్తున్నారో, ఎవరు ఎవరితో చోటుకోసం తగువు పెట్టుకుంటున్నారో ఇట్టే కనిపెట్టేది కాబట్టి హాలు యజమానికి ఆమె అంటే మహా గురి. పాటలూ మాటలూ మాత్రం చెవిన పడేవి. వాటితో కథ అల్లుకుని ఇంటికొచ్చి మాకు చెప్పేది. ఒకసారి గొంతు మెత్తగా ఉందని విలన్ని హీరో అనుకుని, వాడు చచ్చిపోయాడని వారం రోజులు బాధపడింది. నిజం తెలిసిన నా స్నేహితురాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

శనివారాలు ఒంటిపూట బడి. మధ్యాహ్నం ఆటకు ముందే అత్తయ్య హాలుకు వెళ్లిపోయేది కాబట్టి క్యారియరు తీసుకెళ్లి ఇవ్వడం నా పని. నేలకేసి చూస్తూ వెళ్లి నేలకేసి చూస్తూ రావాలని నాన్నగారి ఆజ్ఞ. పన్నెండేళ్ల పిల్ల మెడకు అంత క్రమశిక్షణ ఎక్కడ ఉంటుంది?

మా బావ, అంటే అత్తయ్య కొడుకు, మీసాలు సరిగా మొలవకుండానే మిలిటరీలో చేరాడు. మంచుకొండల్లో యుద్ధం వచ్చింది. అంతవరకు నెలకొకటి వచ్చే ఉత్తరం ఆగిపోయింది. పోస్టుమాను మా గుమ్మం ముందు నుంచి తలొంచుకుని వెళ్లిపోవడం అలవాటు చేసుకున్నాడు. అత్తయ్య పనికి మాత్రం ఒక్కపూట మానలేదు.

ఆ రోజుల్లో అసలు సినిమాకు ముందు ప్రభుత్వం వారి వార్తల రీలు వేసేవారు కదా. ఒక శనివారం నేను క్యారియరు పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లేసరికి అదే నడుస్తోంది. సైనికులు మంచులో బరువులు మోసుకుంటూ వరసగా కొండెక్కుతున్నారని చెబుతున్న గొంతు వినబడింది. అత్తయ్య మెడ ముందు తిరిగింది, తరవాత భుజం, తరవాత మనిషే మొత్తంగా తిరిగిపోయింది. తెర మీద దాటిపోతున్న ఒక్కొక్క మొహాన్నీ వెతుక్కుంటూ ఆమె నిలబడిన తీరు ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. రీలు అయిపోగానే పైటచెంగుతో మొహం తుడుచుకుని, తెరకు వీపు పెట్టేసి, ఎండలో వచ్చావు, నీళ్లు తాగి వెళ్లమంది.

నాలుగు రోజుల్లో సంఘమంతా గుప్పుమంది. చూసిందెవరయ్యా అంటే అందరూ నేలచూపులే, ఎందుకంటే చూశామని చెప్పాలంటే తాము హాల్లో బెంచీ మీద కూర్చున్న సంగతీ ఒప్పుకోవాలి. దొంగకు తేలు కుట్టినట్టు ఆ ఆడవాళ్లంతా ఊరుకున్నారు. పెద్దలకు అప్పుడు నేను గుర్తుకొచ్చాను. హాలు గుమ్మం దాకా వెళ్లడానికి అనుమతి ఉన్న మనిషిని సంఘంలో నేనొక్కదాన్నే.

బడి గదిలో అయిదుగురు పెద్దలు కూర్చుని నన్ను పిలిపించారు. నాన్నగారే అడిగారు.

“నిజం చెప్పమ్మా. అత్తయ్య తెర వైపు తిరిగిందా?”

“తిరిగింది నాన్నగారూ.”

అంతే అడిగారు, అంతే చెప్పాను. అది వార్తల రీలనీ, అందులో ఉన్నది సైనికులనీ నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆ మాట అంటే, మరి నువ్వెంత సేపు చూశావని తరవాతి ప్రశ్న నాకే వస్తుంది. ఆ భయానికి మింగేశాను. నేను అబద్ధం ఆడలేదు, నిజమే, అయినా ఇన్నేళ్ల నా బతుకులో అంత సిగ్గుమాలిన పని మరొకటి చేయలేదు. అత్తయ్యను పిలిచి అడిగితే, తిరిగానండి అని ఊరుకుంది. ఎందుకు తిరిగిందో చెప్పాలంటే కొడుకు ఏమయ్యాడోనన్న భయాన్ని అంతమంది ముందు బయటపెట్టాలి, అది ఆమె వల్ల కాలేదని పెద్దయ్యాక గాని నాకు అర్థం కాలేదు.

ఆమెకు బల్ల ఆపేశారు. రెండు నెలలు వరసగా, రొట్టె పళ్లెం వచ్చే వేళకు అత్తయ్య లేచి వెళ్లి ద్వారం దగ్గర చివరి చాప మీద కూర్చోవడం చూశాను. రెండోసారి గుడి నుంచి ఇంటికొస్తూ దారిలో నాన్నగారికి అంతా చెప్పేసి ఏడ్చాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. ఆ పూట అన్నం మాత్రం తినలేదు.

తరవాతి నెల బల్లకు ముందురోజు శనివారం, ఎప్పటిలాగే క్యారియరుతో వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. దీపాలు ఆరాయి, పరదా జరిగింది. మగవాళ్ల వైపు గోడకు ఆనుకుని, చంకలో గొడుగుతో మా నాన్నగారు నిలబడి ఉన్నారు. జన్మలో ఎన్నడూ హాల్లో అడుగుపెట్టని మనిషి ఆయన. తెర మీద వార్తల రీలు మొదలైంది, అత్తయ్య తెర వైపు తిరిగింది. ఆయన కాసేపు తెరనూ ఎక్కువ సేపు అక్కనూ చూశారు. రీలు పూర్తయి సినిమా పేరు పడగానే, బల్ల పోయి ఇక పోగొట్టుకోవడానికేమీ మిగలని ఆ మనిషి, ఎప్పటిలాగే తెరకు వీపు పెట్టి నిలబడింది. నాన్నగారు వెంటనే బయటికి వెళ్లిపోయారు. ఆమె ఆయన్ను చూడనే లేదు.

మర్నాడు గుళ్లో పాస్టరు అయ్యగారు రొట్టె మీది తెల్లగుడ్డ తీయగానే, నాన్నగారు పెద్దల బెంచీ మీద నుంచి లేచారు.

“అయ్యగారండీ, నిన్న నేనూ తెర చూశాను. మా అక్కకి బల్ల ఆపిన పెద్దల్లో నేనొకణ్ణి. నాకు మాత్రం ఎట్లా ఇస్తారు?”

అని, నడిచి వెళ్లి ద్వారం దగ్గర మగవాళ్ల వైపు చివరి చాప మీద కూర్చున్నారు. అక్కాతమ్ముళ్లకు నడుమ నడవ ఒక్కటే అడ్డం. అయ్యగారు తెల్లగుడ్డ తిరిగి రొట్టె మీద కప్పేశారు. ఆ రోజు ఎవరికీ బల్ల లేదు. పెద్దలు మళ్లీ కూర్చుని, వార్తల రీలు వరకు చూడవచ్చునని ఒడంబడికలో ఒక మాట చేర్చారు. ఆ సవరణకు అత్తయ్య కన్నా ఎక్కువ సంతోషించిన ఆడవాళ్లు మా సంఘంలో చాలామందే ఉన్నారు.

బావ జాడ తెలియడం లేదని ప్రభుత్వం నుంచి ఒక కాగితం వచ్చింది. ఆ తరవాత ఇంకేమీ రాలేదు. కొన్నాళ్లకు నాన్నగారు ఆమెకు ఆడపిల్లల హాస్టల్లో మంచి పని చూశారు. కూర్చుని చేసే పని, గౌరవం కూడాను. ఆమె ఒప్పుకోలేదు.

“అక్కడ వార్తలెయ్యరుగా తమ్ముడూ.”

అలా పదమూడేళ్లు ఆ గేటు దగ్గరే నిలబడింది. ప్రాజెక్టులకు శంకుస్థాపనలు, వరదలు, విమానం దిగుతున్న మంత్రులు, ఏది వేసినా దండలు వేయించుకునే వాళ్లను వదిలేసి వెనకాల గుంపులో మొహాలు వెతుక్కునేది. బొమ్మ మాత్రం ఒక్కటి కూడా చూడకుండానే పోయింది.

ఇప్పుడు మా గుళ్లోనే వేదిక పక్కన ఇంత పెద్ద తెర పెట్టారు. కీర్తనల చరణాలు దాని మీదే వస్తాయి, పుస్తకం తెచ్చుకునే పనే లేదు. ప్రపంచంలో ఏ మూల ఏం జరిగినా క్షణంలో మన అరచేతిలోకి వస్తోంది, మంచిదే. కానీ మా కాలంలో వార్త ఆలస్యంగా వచ్చేది, ఆ ఆలస్యంలో ఆశకు కాస్త చోటుండేది. నేను ఉపాధ్యాయురాలినయ్యాక ఒకసారి ఆ హాలు ఆపరేటరు మాటల మధ్యలో చెప్పాడు, వార్తల రీళ్లు పెద్ద ఊళ్లన్నీ తిరిగి మన ఊరు చేరేసరికి నెలలు గడిచిపోయేవట. అంటే ఆ శనివారం కొండెక్కుతుండగా అత్తయ్య చూసిన కుర్రాళ్లు, ఆ వేళకు ఎక్కడున్నారో, అసలు ఉన్నారో లేదో ఎవరికీ తెలియదు. అప్పటికి అత్తయ్య ఇంకా గేటు దగ్గరే పనిచేస్తోంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాను, పక్కనే కూర్చుని అన్నం తిన్నాను, ఆ మాట మాత్రం ఆమెకు చెప్పలేదు.