గుమ్మంలో ఆగిపోయిన పులుసు

ఈ రోజు ఏలూరు వృద్ధుల శరణాలయంలో ఉన్న మా పెద్దమ్మను చూడబోయాను. కొల్లేట్లో చేపలు పట్టి బతికిన మనిషి, అక్కడి చారన్నం మింగుడుపడక చిక్కి సగమైంది. బలానికి చేపలు పెట్టమని డాక్టరు చెబితే కొర్రమీను పులుసు పట్టుకెళ్లాను. మేనేజరు గుమ్మంలోనే ఆపేశాడు.

"నీచు లోపలికి రాకూడదండీ. ఈ వయసులో కృష్ణా రామా అనుకోవాలి గానీ, ఇంకా రుచులేమిటండీ?"

లోపలి నుంచి పెద్దమ్మ అరిచింది. "పళ్లు ఊడాయి గానీ నాలుక ఊడలేదు బాబూ!"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిణ్ణి బయటికి నడిపించుకొచ్చి, వీధి మెట్టు మీద కూర్చోబెట్టి, ముళ్లు తీసి తినిపించాను. గిన్నె ఖాళీ చేసింది.

జబ్బుమనిషి నోటి దగ్గర కూడు లాగేసి, దాన్ని భక్తి అంటున్నాడు. నీచు అనే మాట చేపకే ఎందుకు అంటగట్టామో, తెలిస్తే మీరైనా చెప్పండి.