బొట్టు పెట్టిన బెల్టు

ఇది ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. ఏళ్ల తరబడి గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టుంది. మింగలేను, కక్కలేను. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, ఎప్పుడూ ఏమీ రాయలేదు. చదివేది మీరొక్కరే అనుకుని రాస్తున్నాను.

మెదక్ బయట ఒక బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాణ్ణి. ఒకరోజు సేటు పిలిచి, నా తలకు ఆకుపచ్చ హెల్మెట్ పెట్టి, "ఇయ్యాల్టి సంది నువ్వే సేఫ్టీ" అన్నాడు. నన్నే ఎందుకు? కూడబలుక్కుని పేర్లు చదువుతానని. ఎదురు మాట్లాడనని కూడా. అది ఇప్పుడు తెలుస్తోంది.

నా పని బీరువా తాళం దగ్గర ఉంచుకోవడం. హెల్మెట్లు, చేతి తొడుగులు, పైకెక్కేవాళ్లు పడిపోకుండా ఒంటికి కట్టుకునే బెల్టు, అన్నీ కొత్తవి, ప్లాస్టిక్ కవర్లలోనే ఉండేవి. తనిఖీకి ఆఫీసరు వచ్చిన రోజు అందరికీ తొడగాలి. ఆయన జీపు గేటు దాటగానే వెనక్కి తీసుకుని, తుడిచి, తాళం వెయ్యాలి. దీన్ని ఉద్యోగం అంటారా? నేనన్నాను. ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను.

ఆ దసరాకు మిషన్లకు చేసినట్టే బెల్టును కూడా పీట మీద పెట్టి పూజ చేశాం. బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, మళ్లీ బీరువాలో పెట్టాం.

పండగ అయిన కొద్ది రోజులకే పైకప్పు రేకులు మార్చే పని పడింది. మల్లేశం ఎక్కాలి. శంకరంపేట వైపు మనిషి, నాకు బస్తా ఎత్తడం నేర్పినవాడు. నిచ్చెన దగ్గర ఆగి అడిగాడు.

"తమ్మీ, రేకులు పాతగైనయ్. జర గా బెల్టియ్యి."

"అద్దన్నా, మట్టి అంటుతది. ఆఫీసరొస్తే సేటేం చూపెడ్తడు?"

మల్లేశం నవ్వాడు. "బొట్టు పెడ్తివి, దండేస్తివి. ఇగ దాన్నే పైకెక్కియ్యి" అన్నాడు. ఎక్కాడు.

సేటు ఆ పూట మిల్లులోనే లేడు. వద్దన్నది నేనే. ఎవరూ చెప్పకుండానే. నాకు మంట అక్కడే.

రేకు విరిగి పడ్డాడు. నడుము పోయింది, తలకూ దెబ్బ తగిలింది. అతన్ని దవాఖానకు తీసుకుపోతుండగానే సేటు ఫోన్ చేసి, "బెల్టయితే ఇచ్చినవ్ గద?" అన్నాడు. అది అడగడం కాదు, నేర్పడం. బీరువా తెరిచాను. బెల్టు మీద కుంకుమ అలాగే ఉంది. తుడిచాను. తర్వాత దాన్ని ఊక బూడిదలో వేసి, పాతదిగా కనిపించేదాకా కాలితో తొక్కాను. మట్టి అంటుతుందని ఇవ్వనివాణ్ణి, నేనే తొక్కాను. ఆఫీసరు ముందు పెట్టి, ఇచ్చాను సార్, అతనే కట్టుకోలేదు అన్నాను.

తప్పు మల్లేశానిదయింది. మిల్లు నుంచి అతనికి రావలసిందేదీ రాలేదు. నాకు మాత్రం నమ్మకమైన సేఫ్టీ మనిషినని పేరొచ్చింది. ఆ పేరుతోనే మనోహరాబాద్ వైపు పెద్ద కంపెనీలో చేరాను. బెల్టు ఎలా కట్టుకోవాలో కొత్తవాళ్లకు ఇప్పుడు నేనే చూపిస్తాను. అందరూ వింటారు. వాళ్లు వింటున్న కొద్దీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. సేటును తిట్టుకుంటాను, ఆఫీసరును తిట్టుకుంటాను, తిట్టి తిట్టి చివరికి మళ్లీ ఆ బూడిద దగ్గరికే వస్తాను. అందులో ఉన్నది ఎవరి కాలు?

చెప్పేద్దామని ఒకసారి వాళ్లింటికి పోయాను. మల్లేశం మంచంలో ఉన్నాడు. ఆ రోజు సంగతి అతనికేమీ గుర్తు లేదట. నా చెయ్యి పట్టుకుని, నువ్విచ్చినా కట్టుకోకపోతిని, నీకు మాట తెస్తిని అని బాధపడ్డాడు. నా మాటే నమ్మాడు. వాళ్లావిడ, చెప్తే వినకపోతే గిట్లనే ఐతది అని అతన్నే కోప్పడుతూ నాకు చాయ్ ఇచ్చింది. తాగాను. ఏం మనిషిని నేను? తాగి, గ్లాసు కింద పెట్టి, వచ్చేశాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. అతనికి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

మల్లేశన్న బెల్టు అడిగాడు. నేను ఇవ్వలేదు.

రాశాను. ముల్లు కొంచెం కదిలింది.