కుట్టు మిషన్ మీద కందిరీగ గూడు

ఆ ఇంట్లో దోమని కొట్టాలన్నా మావగారి అనుమతి ఉండాలి. అది ఊరికే దొరకదు. "దాన్ని తినేవాళ్ళ గతేంటి?" అని ముందు ఒక ప్రశ్న వస్తుంది. జవాబు వెతుక్కునే లోపు దోమ శుభ్రంగా కడుపు నింపుకుని గోడెక్కి కూర్చుంటుంది.

కోడలు కాపరానికొచ్చిన కొత్తలో వంటింట్లో బల్లిని చూసి కెవ్వుమంది. చీపురు కోసం పరిగెత్తితే మావగారు అడ్డం నిలబడ్డారు.

"ఆగమ్మా! దాన్ని తరిమేస్తే ఈ ఇంట్లో పురుగుల్ని ఎవరు తింటారు? నువ్వు తింటావా?"

"ఛీ, నేనెందుకు తింటాను మావయ్యా!"

"మరి తినేదాన్ని తిననీ."

మావగారు ఉద్యోగమంతా కరెంటు స్తంభాల మీదే చేశారు. లైన్‌మన్. రిటైరయ్యాక స్తంభం దిగారు గానీ తీగలు వదల్లేదు. పెరటి గోడ మీద సుద్దముక్కతో సృష్టి మొత్తానికి వైరింగు గీసి పెట్టారు. పైన సూర్యుడు పవర్‌హౌసు. ఆకులు ట్రాన్స్‌ఫార్మర్లు. అక్కణ్ణించి గొంగళిపురుగుకో తీగ, గొంగళిపురుగు నుంచి పిట్టకో తీగ, పిట్ట నుంచి పిల్లికో తీగ. అన్నిటికీ అడుగున వానపాములు, అవి ఎర్తింగు.

"బల్లి ఫ్యూజన్నమాట," అని బొటనవేలితో పొడిచి చూపించేవారు. ఆ వేలి మీద ఎప్పుడో తీగ కోసిన మచ్చ అడ్డంగా, గీత గీసినట్టు ఉంటుంది. "ఒక్క ఫ్యూజు పీకి చూడు. లైనంతా చీకటే."

"ఇందులో మీరెక్కడున్నారండీ?" అని అత్తగారు అడిగింది.

"చివర బల్బుని నేను. అందరూ పంపింది తిని వెలగడమే నా పని."

"తినడం చూస్తున్నాను. వెలగడమే ఇంతవరకూ చూళ్ళేదు," అని ఆవిడ లోపలికెళ్ళిపోయింది.

వీధి గుమ్మానికి అడ్డంగా సాలీడు గూడు కడితే దాన్నీ తీయనివ్వలేదు. వచ్చినవాళ్ళందరూ నడుం వంచి లోపలికి రావాల్సిందే. ఆ ఇంటికొచ్చేవాళ్ళంత వినయవంతులు మరెక్కడా లేరని చుట్టుపక్కల పేరు కూడా వచ్చింది.

ఇదంతా కోడలు నవ్వుతూనే భరించింది. నవ్వలేని రోజు ఆ ఏడాది బడి సెలవుల్లో వచ్చింది.

ఆవిడ కుట్టు పని చేస్తుంది. అదివరకు అవీ ఇవీ కుట్టేది. ఇప్పుడు బడి హెడ్మిస్ట్రెస్ పిలిచి యూనిఫారాలన్నీ తనకే ఇచ్చింది. బడి తెరిచేనాటికి అందిస్తే ఏటా నీకే అంది. ఇంకేం, తిండీ నిద్రా మానేసి మిషన్ తొక్కింది. కుడి మణికట్టు వాచింది. డాక్టరు చూసి, "కొన్నాళ్ళు మిషన్ జోలికెళ్ళకు. మొండికేశావో, ఈ చెయ్యి ఇంక కుట్టడానికి పనికిరాదు," అన్నాడు.

ఇంటికొచ్చి మణికట్టుకి గుడ్డ చుట్టుకుని మళ్ళీ మిషన్ ముందు కూర్చుంది. మొగుడు బతిమాలాడు. అత్తగారు కోప్పడింది.

"ఆర్డరు పోతే మళ్ళీ నా మొహం చూస్తారా అత్తయ్యా? చెయ్యి తర్వాత చూసుకుంటాను," అంది.

మావగారు మాత్రం పెరట్లో చీమల బారు చూస్తూ కూర్చున్నారు. బల్లికి కష్టమొస్తే పరిగెత్తుకొచ్చే మనిషి, కోడలి చెయ్యి వాస్తే తల కూడా తిప్పలేదే అని ఆవిడకి నిజంగానే కష్టమేసింది.

సోమవారం పొద్దున మిషన్ దగ్గరికెళ్తే చక్రం ఊచల మధ్య మట్టి గూడు! పక్కన కుర్చీ వేసుకుని మావగారు కాపలా.

"కందిరీగ కట్టిందమ్మా. చక్రం తిప్పావంటే గూడు పొడైపోతుంది. లోపల దాని పిల్లలున్నాయి."

"రాత్రికి రాత్రే కట్టేసిందా? ఏదీ, ఆ కందిరీగ ఏదీ?"

"డ్యూటీకెళ్ళింది."

కోడలు ఒంటికాలి మీద లేచింది. నా పని కన్నా పురుగు ఎక్కువైపోయిందా అంది, ఏడ్చింది, అన్నం మానేసింది. మావగారు కుర్చీ దిగలేదు. భోజనం కూడా అక్కడికే తెప్పించుకున్నారు. విచిత్రమేమిటంటే, ఎప్పుడూ ఆయన మీద విరుచుకుపడే అత్తగారు ఈసారి కిక్కురుమనకుండా అన్నం పళ్ళెం తీసుకెళ్ళి ఇచ్చింది.

చేసేదేం లేక కోడలు ఖాళీగా కూర్చుంది. వాపు తగ్గుతూ వచ్చింది. భయం మాత్రం పెరుగుతూ వచ్చింది.

బడి తెరవబోతుండగా హెడ్మిస్ట్రెస్ సాలీడు గూడు కింద నడుం వంచి ఇంట్లోకొచ్చింది. కోడలు గబుక్కున లేచి ఎదురెళ్ళింది.

"మేడమ్, ఇంకొక్క అవకాశం..."

"ఏం అవకాశమమ్మా? చెయ్యెలా ఉందో చూద్దామని వచ్చాను. సోమవారం తెల్లారకముందే మీ మావగారు మా ఇంటి తలుపు కొట్టారుగా! నా బల్ల మీద బొమ్మేసి మరీ చెప్పారు. పైన నువ్వట, కింద పిల్లలందరూ అట. ఈ ఒక్క ఫ్యూజు పోతే బడంతా చొక్కాల్లేకుండా నిలబడుతుందన్నారు. నవ్వలేక చచ్చాను. ఈసారికి పాత బట్టల్తోనే రమ్మన్నాంలే. ఆర్డరు ఎక్కడికీ పోదు." ఆవిడ వెళ్ళబోతూ, "అది సరేగానీ, ఆయన చేతులనిండా ఆ మట్టేమిటమ్మా? బల్ల మీద గుడ్డ పాడైపోయింది," అంది.

ఆవిణ్ణి సాగనంపి కోడలు తిన్నగా మిషన్ దగ్గరికెళ్ళింది. కుర్చీ ఖాళీగా ఉంది. మొదటిసారి గూటిని దగ్గరగా చూసింది. మట్టి ముద్ద మీద వేలిముద్ర, దాని మధ్యలో అడ్డంగా ఒక గీత.

"ముట్టుకోకమ్మా!" మావగారు పెరట్లోంచి పరిగెత్తుకొచ్చారు. "పిల్లలింకా లోపలే ఉన్నాయి."

"ముట్టుకోనులెండి మావయ్యా. ఎప్పుడొస్తాయవి బయటికి?"

ఆయన గూటివంక చూడలేదు. ఆవిడ మణికట్టుని వెలుతురులోకి తిప్పి చూశారు. "ఇంకొన్నాళ్ళు పడుతుంది. వాపు పూర్తిగా తియ్యలేదు."

"కందిరీగ పిల్లలకి వాపేంటి మావయ్యా?"

మావగారు గట్టిగా దగ్గి, గోడ మీద లేని చీమ కోసం వెతకడం మొదలెట్టారు. కోడలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండూ మింగి, "కందిరీగ డ్యూటీ దిగినట్టుంది. కాఫీ తాగుతుందేమో కనుక్కోండి," అంది.

ఆయన గోడ మీంచి కళ్ళు తిప్పకుండానే జవాబిచ్చారు.

"తాగుతుందిట. మీ అత్తయ్య చూడకుండా చక్కెర కొంచెం ఎక్కువెయ్యి."