రా కంటికి ఎర్ర షర్బత్

జలంధరన్నది ధర్మపురి దగ్గర పల్లె. గల్ఫ్‌కు రావడం ఇది మూడోసారి. ముందు మస్కట్, ఇప్పుడు ఖతర్. ఆయన తల్లి రాములవ్వకు మాత్రం అన్నీ దుబాయే. ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు ఇంకా మూడేళ్ళుంది. మేం కట్టే స్టేడియానికి బోర్డు మీది బొమ్మలో పైకప్పు ఉంది, సైట్‌లో లేదు. ఆ లేని కప్పు కింద ఆయన శ్లాబులకు ఇనుప సలాకలు కడతాడు. నేను డిగ్రీ మధ్యలో ఎగ్గొట్టి వచ్చి అక్కడే స్టోర్‌లో హెల్పర్‌గా చేరాను.

ఆ జూన్‌లో జలంధరన్న ఎండకు రెండుసార్లు పడిపోయాడు. ఇంకోసారి పడితే అన్‌ఫిట్ రాసి ఇంటికి పంపిస్తామని కంపెనీ తేల్చేసింది. ఆ ముద్ర పడ్డాక, యాభైకి దగ్గరపడ్డ మనిషికి ఏ ఏజెంటూ మళ్ళీ వీసా ఇప్పించడు. మధ్యాహ్నం పని ఆపాలనే రూలుంది, నిజమే. పొద్దున పదింటి ఎండకు ఆ రూలు తెలియదు.

మా ఫోర్‌మన్ ఫత్హీది ఈజిప్టులో లక్సర్. వాళ్ళ నాన్న పాత గుళ్ళ దగ్గర టూరిస్టులకు గైడు. టీ టైంలో వాళ్ళ పూర్వీకుల సూర్యదేవుడు 'రా' గురించి మొదలుపెడితే ఫత్హీ ఆగడు. అన్నీ చెప్పి, చివర్లో "అస్తగ్‌ఫిరుల్లా" అని అల్లాను క్షమించమంటాడు.

"ఇది మా మతం కాదు, మా ఊరి వ్యాపారం," అంటాడు తనకొచ్చిన హిందీలో.

ఆ రోజు చెప్పిన కథ ఇది. మనుషులు తనను లెక్కచేయడం లేదని 'రా'కు కోపమొచ్చింది. తన కంటినే ఆడసింహంగా మార్చి కిందికి పంపాడు. అది ఊళ్ళకు ఊళ్ళు చంపింది. రక్తం రుచి మరిగి, చాలించమన్నా వినలేదు. చివరికి దేవుళ్ళు బీరులో ఎర్రమట్టి కలిపి నేలంతా పారబోశారు. రక్తమనుకుని తాగి, మత్తెక్కి పడుకుంది. మిగిలినవాళ్ళు బతికారు.

జలంధరన్న టీ కప్పు కింద పెట్టాడు.

"గీమె మా పోశమ్మ లెక్కనే ఉన్నది గదరా! కల్లు సాక పోస్తే సల్లబడ్తది."

"ఈడ కల్లేడ దొరుకుతదే అన్నా? క్యాంప్‌ల దొరికితే జైలే."

"ఆమె రంగు జూసి తాగిందా, రుసి జూసి తాగిందా?"



మర్నాడు పొద్దున ఆయన ఎండకు దండం పెట్టి, సీసాడు ఎర్ర షర్బత్ చిక్కగా కొత్త శ్లాబు మీద సాక పోసి, పనిలోకి దిగాడు.

కాసేపటికి ఆ మరక చూసి, మన తెలుగాయనే అయిన సేఫ్టీ ఆఫీసర్ అమర్ సార్ విజిల్ వేశాడు.

"బ్లడ్! ఎవరండీ పడింది? రేపు ఫారిన్ వాళ్ళు చూడ్డానికొస్తుంటే!"

పని ఆపేశారు. అందరినీ నీడకు తోలి తలలు లెక్కపెట్టారు. సరిపోయాయి. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టారు. మనుషులు ఎండకు కూలినప్పుడు మోగని విజిల్, ఒక్కడూ కూలని రోజున మధ్యాహ్నం దాకా మోగుతూనే ఉంది.

"సల్లబడ్డది సూడు," అన్నాడు జలంధరన్న నా చెవిలో.

ఈగలు ముసిరాక అమర్ సార్‌కు అనుమానం వచ్చింది. వంగి వేలితో తాకి, వాసన చూశాడు.

"షర్బత్తా! ఎవడ్రా పోసింది?"

జలంధరన్న లేచి నిలబడ్డాడు. "నేనే సార్. ఎండకు సాక వోసిన."

"ఎండకా? వచ్చినోళ్ళు అడిగితే ఇదేం మరకని చెప్పమంటావయ్యా నన్ను?"

ఫత్హీ తల వంచుకుని రోజూకంటే ఎక్కువసార్లు అస్తగ్‌ఫిరుల్లా అన్నాడు. వాళ్ళ తాతముత్తాతలు మానేసిన పూజ తన టీ టైంలో మళ్ళీ మొదలవుతుందని పాపం ఆయన అనుకోలేదు.

ఇంటికి పంపాలంటే పై ఆఫీసుకు కారణం రాయాలి. సూర్యుడికి షర్బత్ పోశాడని రాయడానికి అమర్ సార్‌కు చెయ్యి రాలేదు. అందుకని మరక కడిగించి, శిక్ష కింద ఆ ఎండాకాలమంతా నైట్ డ్యూటీలో పడేశాడు. జలంధరన్న మళ్ళీ పడిపోలేదు.

మొదటి నైట్ డ్యూటీకి సాయంత్రం బస్సెక్కబోతుంటే ఫత్హీ ఓదార్చాడు.

"బాధపడకు. 'రా' కూడా పగలంతా పడవలో ఆకాశం దాటుతాడు. రాత్రంతా పాతాళంలో పెద్ద పాముతో కొట్లాట."

"పగటి డ్యూటీ అయినంక గూడనా?"

"రోజూ."

"లీవు?"

"మాఫీ," అన్నాడు అరబ్బీలో. "అసలు లేదు."

జలంధరన్న బస్సు మెట్టెక్కి, మునుగుతున్న పొద్దు వైపు తిరిగి చూశాడు.

"గందుకేరా గంత కోపం," అన్నాడు.