నక్కపిల్లలకు ఫోటో

మా ఇంట్లో కెమెరా అడుగుపెట్టింది మా మరిది పుణ్యమా అని. వేసవి సెలవుల్లో బెంగళూరు నుంచి వచ్చినవాడు దాన్ని నా చేతిలో పెట్టి, "పిల్లోళ్ళను యాడికన్నా పిల్చకపొయ్యి ఫోటోలు తియ్యి వదినా" అని చెప్పి పోయాడు. మీట నొక్కేటప్పుడు ఒక కన్ను మూయాలట. నాకు ఒకటి మూస్తే రెండోదీ దానంతటదే మూసుకుపోతుంది. ఇప్పటికీ అంతే.

అప్పుడే మా అమ్మాయి ఒక కబురు మోసుకొచ్చింది. మా వేరుశనగ చేను గట్టు ఒకచోట కూలి బొరియ పడింది. అందులో నక్క పిల్లల్ని పెట్టిందట. మా మామ ఏమో వాన పడేలోగా ఆ గట్టును రాళ్ళూ మట్టీ వేసి పూడ్చాలని చూస్తున్నాడు.

"పూడిస్తే లోపలే సచ్చిపోతాయి తాతా!"

"యాడుండాయే నక్కలు? నేను పొయ్యి చూసొచ్చినా. ఆడ తొండ గూడా లేదు."

ఆయన పోవడమంటే దగ్గుకుంటూ, కర్ర టకటకలాడిస్తూ, దారిలో కనబడ్డ ప్రతివాణ్ణీ కేకేసి పలకరిస్తూ పోవడం. అంత ఊరేగింపు చూసి ఏ నక్క ఆగుతుంది, చెప్పండి!

"ఫోటో చూపిస్తే నమ్ముతావా?" అంది పిల్ల.

"చూపీ. మళ్ళా గట్టు జోలికి పోతే అడుగు."

మర్నాడు ఎండ తగ్గాక మా అమ్మాయినీ, మా తోటికోడలి కొడుకులిద్దరినీ వెంటేసుకుని బయలుదేరాను. దారిలో తొండకొక ఫోటో, గిజిగాడి గూటికొక ఫోటో తీశాను. నా భయమంతా పిల్లల నోళ్ళ గురించే. విత్తనం పడినప్పటినుంచి కాయ ఇల్లు చేరేదాకా చేను కాపలా వాళ్ళదే. కాకి గానీ, నెమలి గానీ, నక్క గానీ, ఏది కదిలినా 'హోయ్' అని అరిచి మట్టిపెళ్ల విసరడం వాళ్ళకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. అందుకని అందరి నోళ్ళలో బెల్లం, వేయించిన శెనక్కాయలు కుక్కి, "నోరు తెరిచినారంటే వీపు విమానం మోతే" అని హెచ్చరించాను.

తంగేడు పొద చాటున నక్కి కూర్చున్నాం. బెల్లానికి చీమలు చేరాయి. ఎంతసేపటికో బొరియ ముందు మట్టి కదిలింది. మా అమ్మాయి నా మోచేతి మీద గిల్లింది. కెమెరా ఎత్తి కన్ను మూశాను. అంటే, రెండూ.

"హోయ్!"

చెవులు చిల్లులు పడ్డాయి. అరిచింది ఎవరనుకున్నారు? మా అమ్మాయే! నేను ఉలిక్కిపడి అటు తిరుగుతూ మీట నొక్కేశాను. కళ్ళు తెరిచేసరికి గట్టు దగ్గర దుమ్ము తప్ప ఏమీ లేదు. మగపిల్లల నోళ్ళలోని శెనక్కాయలన్నీ నా జడ మీద ఉన్నాయి.

"అంతా చెప్పి పిల్చకొచ్చి నువ్వే అరిస్తివి కదే!"

"నేను అరవలేదమ్మా, అదే వచ్చేసింది" అని అది ఏడుపందుకుంది. రీలు కూడా దాంతోనే అయిపోయింది. ఏం చేసేది!

పావగడ స్టూడియో నుంచి ఫోటోలు వచ్చాయి గానీ, ఆ వాన మాత్రం ఇంకా రాలేదు. తొండకు తల లేదు. గిజిగాడి గూడు ఉండాల్సిన చోట నా బొటనవేలు ఉంది. చివరి ఫోటో నిండా మా అమ్మాయే: నోరు ఇంత తెరిచి, చెయ్యి తల మీదికెత్తి, పిడికిట్లో మట్టిపెళ్ల పట్టుకుని.

మామ కళ్ళద్దాలు సవరించుకుని చూశాడు. "నక్క యాడుండాది ఇందులో?"

పిల్ల పెదవి వణికింది. నేను చూశానని చెబుదామంటే, చూస్తే కదా!

ఆయన మాత్రం ఫోటోను వెంటనే తిరిగివ్వలేదు. వెలుతురుకు తిప్పి మళ్ళీ చూశాడు.

"అరిచినావు సరే. పెళ్ల ఎందుకు ఎయ్యలేదు? చేతిలోనే పెట్టుకోనుండావే?"

"శానా చిన్నవి తాతా," అంది నేల చూపులు చూస్తూ. "తగిల్తే సచ్చిపోతాయి."

మామ ఫోటోను పిల్ల చేతిలో పెట్టాడు. తర్వాత వీధరుగు మీద కూర్చున్న కూలి మనిషిని కేకేశాడు. "గట్టు పని ఇప్పుడొద్దులేప్పా. నీళ్ళు పోతే పోనీ."

మర్నాడు పొద్దున్నే తాత, మనవరాలు చేను వైపు పోతూ కనిపించారు. ఆయన చేతిలో కర్ర లేదు, కాళ్ళకు చెప్పులు లేవు. దగ్గు రాకుండా నోటినిండా బెల్లం.