దోర జామకాయంత గాలి

నా సైకిలుకి సీటు లేదు. ఎవరూ ఎత్తుకుపోలేదు, అది పుట్టడమే సీటు లేకుండా పుట్టింది. ఈ ముక్క మామిడికుదురు సెంటర్లో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. "అమ్మా, సీటెక్కడో పడిపోయినట్టుందండీ" అని వెనక నుంచి కేకేసి మరీ ఆపేవారు. సీటు సంగతి తేలాక వంగి, వెనక టైరు మీద బొటనవేలు పెట్టి నొక్కేవారు. "గాలి కూడా లేదండీ." ఉండకూడదండీ అని నేను. అదేంటండీ, గాలి లేకపోతే సైకిలెలా నడుస్తుందండీ అని వాళ్లు. మా వైపు మెత్తబడ్డ టైరు కంటబడితే చూస్తూ ఊరుకునే మనిషి ఉండడు. పంపు తెచ్చి కొట్టిస్తే గాని వాళ్లకి కాఫీ సహించదు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. అయినా అంత మర్యాదగా అడిగేవాళ్ల మీద ఎలా అరుస్తాం?

దాన్ని ట్రయల్స్ బైకంటారు. రోడ్డు మీద షికారుకి పనికిరాదు. రాళ్లు, దుంగలు, మెట్లు, ఏది అడ్డమొచ్చినా కాలు కింద పెట్టకుండా ఎక్కి దిగాలి. అంతా నిలబడే తొక్కాలి, ఇక సీటెందుకు? మస్కట్‌లో నేను పదకొండేళ్లు పనిచేసిన ఇంట్లో పెద్దమ్మాయి దీని మీద పెరడంతా గెంతుతూ ఉండేది. పడితే పట్టుకోమని నన్ను పక్కన నిలబెట్టేవారు. ఓ రోజు "నువ్వెక్కు" అంది. ఎక్కాను. ముప్ఫై ఏడేళ్ల మనిషిని, ఒక చెక్కపెట్టె మీద నుంచి ఇంకో చెక్కపెట్టె మీదకి సైకిలుతో సహా గెంతాను. కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఆ ఇంట్లో నేను అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి. ఆ అమ్మాయి పైచదువులకి వెళ్లిపోతూ సైకిలు నాకే ఇచ్చేసింది. నేను ఇంటికి వచ్చేసినప్పుడు, నాతో విమానం దిగిన అందరి అట్టపెట్టెల్లో దుప్పట్లూ పాలపొడి డబ్బాలూ ఉంటే, నా అట్టపెట్టెలో విప్పదీసిన సైకిలూ నాలుగు ట్యూబులూ ఉన్నాయి.

మా ఆయన ఇంకా అక్కడే పనిలో ఉన్నారు. ఇంట్లో నేనూ మావయ్యగారూ. ఆయన కొబ్బరి రైతు. కోడలు సైకిలెక్కి గెంతడం మీద ఆయన మంచీ చెడూ ఏమీ అనలేదు. గాలివానకి పడిపోయిన రెండు చెట్లని ఏడు మొద్దులుగా కోయించి, కదలకుండా గూటాలు దిగ్గొట్టించి, తోటలో వరసగా వేయించారు. వద్దనే మనిషి ఆ పని చేయిస్తారా?

వారం తిరిగేసరికి కంచె అవతల ఆడపిల్లలు చేరారు. ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లలు. "మాకూ నేర్పండాంటీ!" తోటలో చోటు చాలదు, పైగా చెట్ల మీంచి కాయలు పడతాయి. హైస్కూలు గ్రౌండు బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ బడి వదలగానే గేటుకి తాళం పడుతుంది. మగపిల్లలకి కోసేసిన వరిచేలున్నాయి, క్రికెట్ ఆడుకుంటారు. ఆడపిల్లలు ఎక్కడికెళ్తారు? నేను నేరుగా హెడ్మాస్టరమ్మగారి దగ్గరికి వెళ్లి, తోటలో మొద్దుల సంగతి చెప్పి, సాయంత్రం పూట గంట సేపు గ్రౌండు ఇమ్మని అడిగాను.

ఆవిడ కళ్లద్దాలు తీసి నన్ను ఎగాదిగా చూశారు. "పడితే చేతులు విరుగుతాయి కదండీ. రేపు తల్లిదండ్రులకి నేను చెప్పుకోవాలి."

"నేర్చుకుంటే పడరండీ."

"అయితే శనివారం ఆ మొద్దులు గ్రౌండులో వేయించండి. ఏడు మొద్దులు. కాలు కింద పెట్టకుండా నా కళ్లముందు దాటండి. ఆగితే ఆగండి గాని, కాలు పెట్టకూడదు. పెట్టేరా, ఈ మాట నన్ను మళ్లీ అడగొద్దండీ."

బయటికొస్తుంటే కాళ్లు నేల మీద ఆనలేదు. ఏడు మొద్దులే కదా! ఇంటికొచ్చి ఆ ఊపులోనే మూడో మొద్దు మీదకి లంఘించాను. బుస్సుమంది. వెనక ట్యూబు పోయింది. మర్నాడు ఇంకో రెండు పోయాయి. మస్కట్ నుంచి తెచ్చిన నాలుగింట్లో మూడు అతుకుల బొంతలయ్యాయి. అమలాపురమంతా తిరిగితే దొరికినవి చిన్నపిల్లల సైకిలు ట్యూబులు, అవి నా గెంతులకి గంట కూడా ఆగలేదు. మిగిలింది ఒకే ఒక్క ట్యూబు. శనివారానికి మూడు రోజులుంది.

పోయిన ట్యూబుని సెంటర్లో పంక్చర్ షాపు పెద్దాయన దగ్గర పడేశాను. "దొంగ సరుకండీ ఇది!" అని చిందులు తొక్కాను. ఆయన తొణకలేదు. ట్యూబుని నీళ్లతొట్టిలో ముంచి, బుడగలొచ్చే చోటు నాకు చూపించారు. పక్కపక్కనే రెండు చీలికలు.

"మేకు గుచ్చుకుంటే ఒకటే బెజ్జం పడుద్దండీ. ఇది మీ రిమ్ము కొరికింది. మొద్దుకీ రిమ్ముకీ మధ్య ట్యూబు అడకత్తెరలో పోకచెక్కండీ, ఆయ్."

"అయితే గాలి ఎక్కువ కొట్టిస్తే సరి."

"కొట్టించి చూడండి."

కొట్టించి చూశాను. కొరకడం మానేసింది. కానీ టైరు రాయిలా అయిపోయి, మొద్దు తగలగానే నన్ను బంతిలా ఎగరేసి పక్కకి పడేసింది. మోచెయ్యి దోక్కుపోయింది. గాలి తగ్గిస్తే టైరు మొద్దుని ఉడుములా పట్టుకుంటుంది, కానీ ట్యూబు బతకదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మళ్లీ షాపుకి వెళ్లి కూర్చున్నాను. పెద్దాయన నవ్వి, రోడ్డు మీద పోతున్న కొబ్బరికాయల సైకిలు చూపించారు. రెండు పక్కలా గెలలు వేలాడుతున్నాయి. తూము గట్టు రాగానే ఆ మనిషి సీటు మీంచి లేచాడు. వెనక చక్రం గట్టెక్కి దిగాక మళ్లీ కూర్చున్నాడు.

"చూసేరా? తప్పు గాలిది కాదండీ, బరువుది. ముందు చక్రం ఎక్కగానే పనైపోయిందనుకుని మీరు వెనక చక్రం మీద చతికిలబడతన్నారు. అది మొద్దుని తాకే టయానికి మీరు దాని మీద ఉండకూడదు."

ఆ మాట నా బుర్రలో దీపం వెలిగించింది! మూడు రోజులూ అదే పని. ముందు చక్రం మొద్దెక్కాలి. మోకాళ్లు వంగాలి. వెనక టైరు మొద్దుకి తగిలే క్షణానికి నడుం లేవాలి, బరువంతా చేతుల్లోకి పోవాలి, వెనక చక్రం ఖాళీగా, తేలిగ్గా పాక్కుంటూ రావాలి. ట్యూబు ఒరుసుకోకుండా పౌడరు రాశాను, పోయిన ట్యూబుని నిలువునా కోసి టైరు లోపల దానికి అస్తరులా పరిచాను. గాలి ఎంతుండాలో కూడా తేలింది. వేలు పెట్టి నొక్కితే దోర జామకాయలా ఉండాలి. గట్టి కాయలా ఉంటే జారుతుంది, పండులా ఉంటే రిమ్ము కొరుకుతుంది. శుక్రవారం సాయంత్రం ఏడు మొద్దులూ రెండుసార్లు దాటాను. ట్యూబు చెక్కుచెదరలేదు. వంటింట్లోకొచ్చి ఒక్కదాన్నే గంతులేశాను.

శనివారం మొద్దులు గ్రౌండులో వేయించి వచ్చి, సైకిలు నేను తెస్తాలేమ్మా అని మావయ్యగారు ముందే బయలుదేరారు. నేను హెడ్మాస్టరమ్మగారితో కలిసి వెళ్లేసరికి గ్రౌండు చుట్టూ జనం. ఆడపిల్లలు గోడెక్కి కూర్చున్నారు. నా గుండె ఎంత జోరుగా కొట్టుకుంటోందంటే, టైరు నొక్కి చూసుకోవాలన్న ధ్యాసే లేదు. అది అచ్చంగా నా తప్పు. ఎక్కాను, తొక్కాను, మొదటి మొద్దు మీదకి లేచాను.

టైరు టంగుమంది. సైకిలు నన్ను ఎత్తి ఒక వారకి విసిరింది. ఎలా నిలదొక్కుకున్నానో దేవుడికే తెలియాలి. మొదటి మొద్దుకీ రెండో మొద్దుకీ మధ్యన, ముందు చక్రం రెండో మొద్దుకి ఆనించి, రెండు బ్రేకులూ బిగించి, పెడళ్ల మీద నిలబడిపోయాను. వెనక టైరు బండరాయి! అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవరు కొట్టేరీ గాలి?" అని అరిచాను.

వేపచెట్టు కింద నుంచి మావయ్యగారు చెయ్యెత్తారు. "నేనేనమ్మా. నొక్కి చూస్తే మెత్తగా ఉంది. పదిమందిలో ఆడకూతురు గాలి లేని సైకిలెక్కితే బాగోదని, పెట్రోలు బంకులో గట్టిగా కొట్టించేను."

ఎంతో సేపు అలా నిలబడలేను. "మావయ్యగారండీ, రండి! వెనక చక్రం వాల్వులో పిన్నుంది, గోరుతో నొక్కి గాలి తియ్యండి. నన్ను మాత్రం ముట్టుకోకండి!"

ఆయన పంచె ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చారు. డెబ్భై ఏళ్ల మనిషి అలా పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. మోకాళ్ల మీద కూర్చుని పిన్ను నొక్కారు. సుయ్యిమంది.

"ఎంత తియ్యనమ్మా?"

"నొక్కితే దోర జామకాయలా ఉండాలండీ!"

ఒక చేత్తో పిన్ను, ఇంకో చేత్తో టైరు. నొక్కుతున్నారు, తీస్తున్నారు, మళ్లీ నొక్కుతున్నారు. నా చెమట కళ్లలోకి కారుతోంది. అంతలో ఆయన గొంతు మారింది. "అమ్మాయ్... కాస్త ఎక్కువ పోయినట్టుందమ్మా. పండైపోయింది."

ఇంకా ఆరు మొద్దులు. మళ్లీ కొట్టడానికి పంపు లేదు, ఇంకో ట్యూబూ లేదు. పిచ్చి ధైర్యమొచ్చింది. "లేవండి, పక్కకి తప్పుకోండి" అన్నాను.

రెండో మొద్దు. ముందు చక్రం ఎక్కింది, నడుం లేపాను. వెనక టైరు మొద్దుని మెత్తగా పట్టుకుని పైకి పాకింది. అబ్బ, ఎంత బాగా పట్టిందో! మూడు. నాలుగు. నాకు బరువే లేదు, ఉన్న బరువంతా మణికట్లలో ఉంది. ఐదు దాటేసరికి గోడ మీద పిల్లలు లెక్కపెడుతూ కేకలేస్తున్నారు. ఆరు. ఏడో మొద్దు దగ్గర తొడలు సహకరించలేదు, నడుం రవ్వంత ఆలస్యంగా లేచింది. టక్కున రిమ్ము తగిలింది. బుస్సుమంటుందని చెవులు రిక్కించాను. అనలేదు! దిగి నేల మీద పది గజాలు తొక్కేదాకా అనలేదు. అప్పుడు కాలు కింద పెట్టి ఏడ్చాను. సంతోషంతోనే, అందరి ముందూ, సిగ్గు లేకుండా.

మావయ్యగారు హెడ్మాస్టరమ్మగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "గాలి తీసింది నేనండీ. అది తప్పయితే నాదండీ, మా కోడలిది కాదు."

"నేను చూసింది కాలేనండీ. కాలు పెట్టలేదుగా," అన్నారావిడ. చేతిసంచిలోంచి గేటు తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు. "సోమవారం నుంచి. ఆరింటికల్లా పిల్లల్ని ఇళ్లకి పంపించెయ్యాలి. తాళం మీ దగ్గరే ఉంచుకోండి."

పదకొండేళ్లు నేను ఊడ్చి తుడిచిన ఇంటికి ఎన్ని తలుపులో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. వాటిలో ఒక్కదాని తాళంచెవీ ఎవరూ నా చేతికివ్వలేదు. మావయ్యగారు సైకిలు నడిపించుకుంటూ వస్తుంటే, ఆ తాళంచెవి గుప్పిట్లో బిగించుకుని నేను పక్కన నడిచాను.